చీటీ మీద పాజిటివ్ అని ఉంటే జబ్బు ఉన్నట్టేనా? స్క్రీనింగ్ టెస్టు రిపోర్టును లెక్కవేసి చదివే పద్ధతి

మా పెదనాన్న మనవరాలికి నిరుడు కుదిరిన సంబంధం ఒక చిన్న చీటీ దగ్గర ఆగిపోయింది. క్యాంపులో వేలి నుంచి రక్తం తీసి, గాజుగొట్టంలో మందుతో కలిపి చూసి, చీటీ మీద 'సికిల్ పాజిటివ్' అని రాసిచ్చారు. సికిల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే రక్తపు జబ్బు. ఆ మాట అవతలివాళ్ల చెవిన పడింది. ముహూర్తం మాట్లాడాల్సినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. నెలన్నర తర్వాత, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు వచ్చింది. పిల్లకి సికిల్ జబ్బు లేదు, ఆ జన్యువు కూడా లేదు.

క్యాంపులో ఎవరూ తప్పు చేయలేదు. ఆ టెస్టు చేయాల్సిన పనే చేసింది. చీటీని చదవడంలోనే పొరపాటు జరిగింది. నేను ఒడిశాలోని రాయగడ జిల్లాలో గుణుపురం వైపు ఇరవై ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మా వైపు ఆసుపత్రి బోర్డు ఒడియాలో ఉంటుంది, రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది, ఇంటికెళ్లాక దాని గురించి తెలుగులో మాట్లాడుకుంటాం. ఒక భాష నుంచి ఇంకో భాషకు వచ్చేసరికి 'అనుమానం ఉంది, మళ్లీ చూడాలి' అన్నది 'జబ్బు ఉంది' అయిపోతోంది. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

మొదటి మెట్టు: ఇది జల్లెడా, ఏరడమా?

బియ్యం ముందు జల్లెడ పడతాం, తర్వాత చాటలో పోసుకుని రాళ్లు ఏరతాం. స్క్రీనింగ్ టెస్టు జల్లెడ లాంటిది. తక్కువ ఖర్చుతో, తక్కువ టైములో, ఏ బాధా లేని వందలమందిని దాటించి, అనుమానం ఉన్నవాళ్లను పక్కకు తీస్తుంది. జబ్బు ఉందా లేదా తేల్చే టెస్టు వేరు. అది చాటలో పోసి ఏరడం. జల్లెడలో మిగిలిందంతా రాయే అనుకుని ఎవరూ పారబోయరు కదా.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ముందు అడగాల్సిన ప్రశ్న: "ఇది స్క్రీనింగ్ టెస్టా, కన్ఫర్మేషన్ టెస్టా?" సికిల్‌కి గాజుగొట్టంలో చేసే సాల్యుబిలిటీ టెస్టు జల్లెడ, హెచ్‌పీఎల్‌సీ ఏరడం. క్యాంపులో వేలి రక్తంతో చూసే షుగర్ జల్లెడ, ల్యాబ్‌లో నరం రక్తంతో చేసే ఫాస్టింగ్ షుగర్ ఏరడం. టీబీకి ఛాతీ ఎక్స్‌రే జల్లెడ, కఫంలో టీబీ జన్యువు కోసం చూసే సీబీనాట్ లాంటిది ఏరడం.

రెండో మెట్టు: రెండు అంకెలు వెతకండి

ప్రతి టెస్టుకీ రెండు గుణాలుంటాయి. జబ్బు ఉన్న వంద మందిలో ఎంతమందిని పట్టుకుంటుంది అన్నది సెన్సిటివిటీ. జబ్బు లేని వంద మందిలో ఎంతమందిని సరిగ్గా 'లేదు' అని వదిలేస్తుంది అన్నది స్పెసిఫిసిటీ. వైద్యంలో ఈ రెండు మాటలను ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చింది జేకబ్ యెరుషల్మీ అనే గణాంక శాస్త్రవేత్త, 1947లో. టీబీ కోసం ఎక్స్‌రేలు చదివేటప్పుడు ఎన్ని కేసులు దాటిపోతున్నాయి, ఎన్ని లేనివి ఉన్నట్టు కనిపిస్తున్నాయి అని తూచడానికి వాటిని వాడాడు.

కిట్ పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద ఈ రెండు అంకెలూ ఉంటాయి. ల్యాబ్‌లో అడిగితే చూపిస్తారు. మొహమాటపడకండి.

ఒక జాగ్రత్త. '99 శాతం కచ్చితత్వం' అని ఒకే అంకె చెప్పి ఊరుకుంటే నమ్మకండి. ఒక జబ్బు వందలో ఒకరికి ఉందనుకోండి. నేను ఏ టెస్టూ చేయకుండా వందమందికీ 'నెగెటివ్' అని రాసిచ్చేస్తే 99 మంది విషయంలో నా మాట నిజమే అవుతుంది. అదీ 99 శాతం కచ్చితత్వమే, కానీ జబ్బున్న ఆ ఒక్క మనిషినీ నేను పట్టుకోలేదు. అందుకే రెండు అంకెలూ విడివిడిగా కావాలి.

ఈ రెండింట్లో ఒకటి పెంచితే మామూలుగా రెండోది తగ్గుతుంది. జల్లెడ కన్నాలు చిన్నవి చేస్తే ఒక్క రాయీ జారదు, కానీ మంచి గింజలు కూడా ఆగిపోతాయి. షుగర్‌కి ఎంత దాటితే అనుమానించాలి అన్న గీతను కిందికి దించితే షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువమంది దొరుకుతారు, లేనివాళ్లు కూడా ఎక్కువమంది భయపడతారు. స్క్రీనింగ్‌లో కావాలనే కన్నాలు చిన్నవి పెడతారు. తర్వాత ఏరే టెస్టు ఉంది కదా అన్న ధైర్యంతో.

మూడో మెట్టు: మీరు ఏ గుంపులోంచి వచ్చారు?

అందరూ వదిలేసేది ఈ మెట్టే. నా అనుభవంలో చదువుకున్నవాళ్లు కూడా దీన్ని దాటేసి నేరుగా భయంలోకి వెళ్లిపోతారు.

టెస్టు చేయకముందు, మీలాంటి వెయ్యి మందిలో ఆ జబ్బు ఎంతమందికి ఉండొచ్చు? మీ వయసు, మీ ఊరు, మీ కుటుంబంలో ఎవరికైనా ఉందా, ఇప్పుడు మీకు ఏదైనా బాధ ఉందా, ఇవన్నీ కలిపితే మీ గుంపు తేలుతుంది. ఒంట్లో బాగున్న మనిషి మలేరియా క్యాంపులో నిలబడితే ఒక గుంపు. అదే మనిషి వర్షాకాలంలో కొండ ఊరికి వెళ్లి వచ్చి, చలిజ్వరంతో వణుకుతూ ఆశా కార్యకర్త దగ్గరికొస్తే ఇంకో గుంపు. మనిషి ఒకడే, కిట్ ఒకటే, కానీ రెండు పాజిటివ్‌ల బరువు ఒకటి కాదు.

సికిల్ సెల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను మొదలుపెట్టారు. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా ఉండకూడదని లక్ష్యం. గిరిజన ప్రాంతాలు దీనికి కేంద్రం కాబట్టి ఇటు రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లోనూ, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, చంద్రపూర్‌లలోనూ క్యాంపులు జరుగుతున్నాయి. ఆ క్యాంపుల్లో సవర, కంధ గూడేలవాళ్లతో పాటు బజారులో దుకాణాలు పెట్టుకున్న మా తెలుగు కుటుంబాలూ వరసలో నిలబడతాయి. అందరికీ ఒకటే చీటీ ఇస్తారు.

నాలుగో మెట్టు: వెయ్యి పిక్కల లెక్క

శాతాలు మనసుకు ఎక్కవు. మనుషులను లెక్కపెట్టినట్టు లెక్కపెడితే ఎక్కుతుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ ఈ సంగతి మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. శాతాల్లో చెబితే తడబడే డాక్టర్లు కూడా 'వెయ్యి మందిలో ఇంతమంది' అని చెబితే మరింత ఎక్కువమంది సరైన జవాబుకు వస్తారని చూపించాడు.

మా పెదనాన్నకి నేను చింతపిక్కలతో చూపించాను. అష్టాచెమ్మా ఆడిన చేతులకు అవి అలవాటే. మీకు కాగితం చాలు. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి నేను అనుకున్నవి. మీ కిట్‌కి, మీ ఊరికి అసలు అంకెలు వేరుగా ఉంటాయి.

ఒక టెస్టు, సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ 97 అనుకుందాం. ముందు ఒక గూడెం. అక్కడ వెయ్యి మందిలో 100 మందికి సికిల్ జన్యువు ఉందనుకుందాం.

ఆ 100 మందిలో టెస్టు 90 మందిని పట్టుకుంటుంది, 10 మంది జారిపోతారు.
జన్యువు లేని 900 మందిలో నూటికి ముగ్గురు చొప్పున 27 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది.
మొత్తం పాజిటివ్‌లు 117. వాటిలో నిజమైనవి 90. అంటే పాజిటివ్ వచ్చిన నలుగురిలో సుమారు ముగ్గురికి నిజంగా ఉంది.

ఇప్పుడు అదే టెస్టు, అదే కిట్, అదే టెక్నీషియన్ బజారు వీధికి వెళ్తారు. అక్కడ వెయ్యి మందిలో 10 మందికే జన్యువు ఉందనుకుందాం.

ఆ 10 మందిలో 9 మంది దొరుకుతారు.
లేని 990 మందిలో సుమారు 30 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది.
మొత్తం పాజిటివ్‌లు 39. నిజమైనవి 9. నలుగురిలో ఒక్కరికి కూడా పూర్తిగా లేదు.

పెదనాన్న ఆ రెండు కుప్పలనూ చాలాసేపు చూశాడు. "ఏటి బాబూ, అయితే తొమ్మిదిమంది కోసం ముప్పైమంది ఇళ్లలో ఏడుపులా?" అన్నాడు. మన పిల్ల ఆ ముప్పైమందిలో ఉంది పెదనాన్నా అన్నాను. మా కుటుంబంలో ఇటు మూడు తరాల్లో ఎవరికీ సికిల్ లేదు. ఆ గుంపు నుంచి వచ్చిన పిల్లకి ఆ చీటీ ఎంత బరువు మోస్తుందో లెక్క చెబుతోంది.

అయితే ఇక్కడ ఆగి ఒక మాట గట్టిగా చెప్పాలి. పాజిటివ్ వచ్చినా ఫర్వాలేదు అని దీని అర్థం కాదు. బజారు వీధిలో టెస్టుకు ముందు వందలో ఒకరికి ఉన్న అవకాశం, పాజిటివ్ తర్వాత వందలో 23కి పెరిగింది. అది చాలా పెద్ద పెరుగుదల. రెండో టెస్టుకు తప్పకుండా వెళ్లాలి. పెళ్లి రద్దు చేసుకోవడానికి మాత్రం అది చాలదు.

ఈ లెక్కలో తడబడితే నొచ్చుకోకండి. 1978లో హార్వర్డ్ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో 60 మంది డాక్టర్లను, విద్యార్థులను, సిబ్బందిని ఒక ప్రశ్న అడిగారు. జబ్బు వెయ్యిలో ఒకరికి ఉంటుంది, టెస్టు లేనివాళ్లలో నూటికి ఐదుగురికి తప్పుగా పాజిటివ్ ఇస్తుంది, మరి పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? ఎక్కువమంది ఇచ్చిన జవాబు 95 శాతం. సరైన జవాబు సుమారు 2 శాతం. 60 మందిలో 11 మందే అది చెప్పగలిగారు. మీరు ఇప్పుడు పిక్కలతో వేసి చూడండి: ఉన్నది ఒకరు, ఊరికే పాజిటివ్ వచ్చినవాళ్లు సుమారు 50 మంది.

ఐదో మెట్టు: నెగెటివ్‌ను కూడా అలాగే చదవాలి

పై గూడెంలో నెగెటివ్ వచ్చినవాళ్లు 883 మంది. వాళ్లలో 10 మందికి జన్యువు ఉంది. బజారు వీధిలో నెగెటివ్‌లు 961, వాటిలో తప్పు ఒక్కటి. అంటే జబ్బు తక్కువగా ఉన్న గుంపులో నెగెటివ్‌ను బాగా నమ్మొచ్చు. ఎక్కువగా ఉన్న గుంపులో, అందులోనూ బాధలు ఉన్న మనిషికి, నెగెటివ్ చీటీ చూసి ఊరుకోకూడదు. చేతులు, కాళ్లు, ఎముకల్లో పదేపదే నొప్పి, కళ్లు పచ్చబడటం, రక్తం తక్కువ, ఇవన్నీ ఉన్న పిల్లవాడికి నెగెటివ్ వస్తే ఆ చీటీని పక్కనపెట్టి పిల్లవాడిని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆరో మెట్టు: రెండో టెస్టు వేరే తీరుది కావాలి

చాలామంది చేసేది ఏమిటంటే, పాజిటివ్ వచ్చిందని ఇంకో ల్యాబ్‌లో అదే టెస్టు మళ్లీ చేయించుకోవడం. దీనివల్ల వచ్చేది తక్కువ. మొదటి టెస్టును తికమక పెట్టిన కారణం మీ రక్తంలోనే ఉంటే, రెండోసారీ అదే తికమక పెడుతుంది.

సాల్యుబిలిటీ టెస్టులో జరిగేది ఇది. ఎర్రకణాలను పగలగొట్టి, ఆక్సిజన్ లాగేసే రసాయనంలో కలుపుతారు. సికిల్ హిమోగ్లోబిన్ అందులో కరగక గొట్టం మసకబారుతుంది. గొట్టం వెనక గీతలున్న కాగితం పెడితే, గీతలు కనిపించకపోతే పాజిటివ్. రక్తంలో కొవ్వు బాగా ఎక్కువగా ఉన్నా, కొన్ని రకాల ప్రొటీన్లు పెరిగినా గొట్టం మసకబారుతుంది. హెచ్‌పీఎల్‌సీ వేరే పని చేస్తుంది. ఒక్కో రకం హిమోగ్లోబిన్‌ను విడదీసి, ఏది ఎంత శాతమో చూపిస్తుంది. కొవ్వు వల్ల గీతలు కనిపించకపోయిన మనిషికి హెచ్‌పీఎల్‌సీ తికమకపడదు.

లెక్కలో కూడా తేడా చూడండి. బజారు వీధిలో పాజిటివ్ వచ్చిన 39 మంది ఇప్పుడు కొత్త గుంపు. ఈ గుంపులో ఉన్నవాళ్లు 9, లేనివాళ్లు 30. దీని మీద రెండు గుణాలూ 99 ఉన్న టెస్టు వేస్తే ఆ 9 మందిలో దాదాపు అందరూ నిలుస్తారు, 30 మందిలో ఒకరు కూడా తప్పుగా నిలవడం అరుదు. మొదటి చీటీతో నలుగురిలో ఒకరిగా ఉన్నది రెండో రిపోర్టుతో దాదాపు నిశ్చయం అయింది. మన దేశంలో హెచ్‌ఐవీకి కూడా ఇదే దారి. ఏ లక్షణాలూ లేని మనిషిని పాజిటివ్ అని చెప్పాలంటే మూడు వేర్వేరు కిట్లలోనూ రావాలి. ఒక్క కిట్ చూసి ఎవరైనా మీకు ఆ మాట చెబితే ఒప్పుకోకండి.

మా వైపు ఎక్కువగా చేసే టెస్టులు, ఒక్కోదాని మెలిక

సికిల్ సాల్యుబిలిటీ: జన్యువు ఒకటి మోసేవాళ్లకీ, జబ్బు ఉన్నవాళ్లకీ ఒకేలా పాజిటివ్ వస్తుంది. ఈ రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఒక జన్యువు మోసేవాళ్లు మామూలుగా అందరిలాగే బతుకుతారు. భార్యాభర్తలిద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగోవంతు, జన్యువు మోసే అవకాశం సగం. ఆరు నెలల్లోపు పిల్లలకు ఈ టెస్టు పనికిరాదు. వాళ్ల రక్తంలో కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, జబ్బున్నా గొట్టం తేటగానే కనిపించొచ్చు. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లకూ అలాగే జరుగుతుంది. రక్తం ఎక్కించుకున్నవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ కూడా తప్పు చెబుతుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అందాకా దాత రక్తం లోపల ఉంటుంది. రక్తం ఎక్కించిన తేదీ ల్యాబ్‌లో తప్పక చెప్పండి.

మలేరియా కిట్: ఇక్కడ ఎక్కువగా ఉండే ఫాల్సిపేరం రకాన్ని ఈ కిట్ ఒక ప్రొటీన్ ద్వారా గుర్తిస్తుంది. మందు పనిచేసి పురుగు చచ్చాక కూడా ఆ ప్రొటీన్ కొన్ని వారాలు రక్తంలో మిగులుతుంది. పోయిన నెలలో మందు మింగి, ఇప్పుడు వేరే జ్వరంతో వచ్చిన మనిషికి కిట్ మీద పాజిటివ్ గీత పడొచ్చు. అప్పుడు స్లైడు మీద రక్తం చూడమని అడగాలి. తిరగబడిన సంగతీ ఉంది. గీత పడకపోయినా చలిజ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చూపించుకోవాలి. ఒడిశాలో 2017 నుంచి నడుస్తున్న దమన్ కార్యక్రమంలో చేరడం కష్టమైన ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా రక్తం చూస్తారు. బాధ లేకుండా పురుగును మోసేవాళ్లను వెతకడానికే అది. "నాకు జ్వరం లేదు, నాకెందుకు" అని తప్పుకోకండి.

షుగర్: ఏ బాధా లేని మనిషికి ఒక్కసారి ఎక్కువ వచ్చిందని షుగర్ జబ్బు అనరు. ఫాస్టింగ్ 126 లేదా అంతకు మించి, లేదా మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి, మళ్లీ చేసినా అలాగే రావాలి. మా ప్రాంతంవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సికిల్ జబ్బు ఉన్నవాళ్ల ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి వాళ్ల హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. విశాఖ వెళ్లి చూపించుకుంటే అక్కడి డాక్టరుకు మీ సికిల్ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది.

టీబీ: చేతి మీద చేసే మాంటూ టెస్టు పాజిటివ్ అంటే ఎప్పుడో టీబీ క్రిమి ఒంట్లోకి చేరిందని. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి అది ఉంటుంది. ఇప్పుడు టీబీ జబ్బు ఉందని కాదు.

ఫుల్ బాడీ ప్యాకేజీల గురించి

ఒక్క చుక్క బాధ లేనివాళ్లు ఆఫర్ ఉందని అరవై, డెబ్బై టెస్టుల ప్యాకేజీ చేయించుకుని, ఎర్ర అక్షరాలు చూసి నిద్ర పోగొట్టుకుని మా దగ్గరికి వస్తున్నారు. చాలా టెస్టులకు 'నార్మల్' గీతను ఎలా గీస్తారంటే, ఆరోగ్యంగా ఉన్న వందమందిలో 95 మంది లోపల ఉండేలా. మిగిలిన ఐదుగురు బాగున్నా గీత బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కనీసం ఒకటైనా ఎర్రగా వచ్చే అవకాశం 64 శాతం. గీతకు ఒక పాయింటు అటో ఇటో ఉంటే టెన్షన్ పడకుండా డాక్టరుకు చూపించండి. బీపీ, షుగర్, ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం పరీక్ష లాంటివి వేరు. ముందుగా పట్టుకుంటే చేయగలిగిన వైద్యం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లోనే విల్సన్, యుంగ్నర్‌ల చేత రాయించిన సూత్రాల్లో ఇది ముఖ్యమైనది. ఏ టెస్టుకైనా ముందు "దొరికితే ఏం చేస్తారు?" అని అడగండి.

చివరి మెట్టు: కాగితాలు, ప్రశ్నలు

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చీటీ వెనక నాలుగు సంగతులు రాసుకోండి: టెస్టు పేరు, చేసిన తేదీ, ఈమధ్య వేసుకున్న మందులు, రక్తం ఎక్కించుకుంటే ఆ తేదీ. అడగాల్సినవి మూడు. ఇది కన్ఫర్మేషన్ టెస్టేనా? నాలాంటివాళ్లలో ఈ జబ్బు ఎంతమందికి ఉంటుంది? తర్వాతి టెస్టు ఏది, ఎక్కడ చేస్తారు? జవాబులు వచ్చేదాకా మీ అంతట మీరు మందు మొదలుపెట్టకండి, వేసుకుంటున్న మందు ఆపకండి, చుట్టాలకు ఫోన్ చేయకండి.

హెచ్‌పీఎల్‌సీ రిపోర్టును జీవితాంతం దాచండి, జన్యువు మారదు కాబట్టి అది ఒక్కసారి సరిగ్గా చేస్తే చాలు. ల్యాబ్ యంత్రంలోంచి వచ్చే మెరిసే చిన్న చీటీలను మాత్రం ల్యామినేషన్ చేయించకండి. ఆ వేడికి కాగితం నల్లబడిపోతుంది, ఊరికే ఉంచినా కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీయించి దాన్ని ఫైల్లో పెట్టండి. మా పెదనాన్న మనవరాలి రిపోర్టు రెండు జిరాక్సులు తీయించాం. ఒకటి ఇంట్లో ఉంది. రెండోది మొన్న కొత్త సంబంధంవాళ్లు వచ్చినప్పుడు వాళ్లు అడగకముందే పెదనాన్న చేతికిచ్చి, ఏ కాలమ్‌లో ఏముందో తానే చదివి చెప్పాడు.